యాకోబు విడిచిన పట్టు

బైబిలు పాఠము: ఆదికాండము 32, 33, 43 అధ్యాయములు



మనశ్శాంతిని గూర్చి మాటలాడవలసి వచ్చినప్పుడు మనవారు సాధారణముగా ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయమును గాని, పేతురు మొదటి పత్రిక అయిదవ అధ్యాయమును గాని తీయుదురు. అవి శ్రేష్ఠమైన వాక్యములే. అయితే గుడిలో వాటిని విని ఇంటికి పోవునప్పుడు మన చింత కూడ మన వెంబడి ఇంటికి వచ్చుట అనేకులకు తెలిసిన సంగతియే. చింతను దేవునిమీద వేయవలెనని తెలియును, వేయవలెనని ఆశయు కలదు, అయినను అది మన చేయి వదలదు. నిజము చెప్పవలెనన్న, మన చేయియే దానిని వదలదు. ఎందుకిట్లు జరుగుచున్నది? ఈ ప్రశ్నకు జవాబు ఒక ఉపదేశములో కంటె ఒక మనుష్యుని బ్రదుకులో తేటగా కనబడును. కాబట్టి ఈ మాసము మనము యాకోబు చరిత్రను తీసికొందము. పుట్టినప్పుడే అన్న మడిమె పట్టుకొని లోకములోనికి వచ్చినవాడు అతడు. పట్టుకొనుటయే అతని పేరు, అతని స్వభావము, చాలకాలము వరకు అతని జీవనోపాధి కూడ.

దయచేసి బైబిలు తెరచి యెదుట పెట్టుకొని చదువుడి.

నిద్ర పట్టని రాత్రి

యాకోబు ఇరువది సంవత్సరములు లాబాను ఇంట చాకిరి చేసి, భార్యలతోను పిల్లలతోను మందలతోను స్వదేశమునకు తిరిగి వచ్చుచున్నాడు. దారిలో ఒక కబురు వచ్చెను. తాను మోసగించిన అన్న ఏశావు నాలుగు వందలమంది మనుష్యులతో ఎదురు వచ్చుచున్నాడు. ఎందుకు వచ్చుచున్నాడో దూతలు చెప్పలేదు. తెలిసిన ఆపదకంటె తెలియని ఆపద ఎక్కువ భయపెట్టును గదా! యాకోబు మిక్కిలి భయపడెనని 7వ వచనము దాచకుండ చెప్పుచున్నది.

ఇప్పుడు అతడేమి చేసెనో వరుసగా చూడుడి. మొదట తన జనమును, పశువులను రెండు గుంపులుగా విభజించెను. ఒకటి పోయినను ఒకటి మిగులునని లెక్క. తరువాత ప్రార్థన చేసెను. 9 నుండి 12 వరకు గల ఆ ప్రార్థన ఆదికాండములోని చక్కని ప్రార్థనలలో ఒకటి. దేవుని వాగ్దానమును దేవునికే జ్ఞాపకము చేసి, తాను ఒక చేతికఱ్ఱతో యొర్దాను దాటిన దినమును తలంచుకొని, తాను దేనికిని పాత్రుడు కానని ఒప్పుకొనెను. ప్రార్థన ముగిసెను. ముగిసిన వెంటనే ఏమి జరిగెను? మరల లెక్కలు మొదలాయెను. రెండు వందల మేకలు, ఇరువది మేకపోతులు, రెండు వందల గొఱ్ఱెలు, ఇరువది పొట్టేళ్లు, ముప్పది పాడి ఒంటెలు, నలువది ఆవులు, పది ఎద్దులు, ఇరువది ఆడుగాడిదలు, పది మగగాడిదలు. ఒంటె పిల్లలను విడిచిపెట్టి లెక్కించినను 550 తలలు. వాటిని మంద మందగా విడదీసి, మందకును మందకును నడుమ ఎడముంచి, ప్రతి కాపరికిని ఏశావుతో చెప్పవలసిన మాటలు నేర్పెను. ఒక కానుక చూచి కోపము కొంత తగ్గును, రెండవది చూచి మరికొంత తగ్గును, తన ముఖము చూచు వేళకు అన్న మెత్తబడి యుండును. ఎంత జాగ్రత్త! పెండ్లి సంబంధము కుదుర్చు మధ్యవర్తి కూడ ఇంత లెక్కగా నడువడు.

ఈ ఏర్పాటును నేను తప్పు పట్టుట లేదు. వాక్యము కూడ తప్పు పట్టలేదు. అయితే ఒక్క సంగతి గమనించుడి. కాపరులు ఏశావుతో చెప్పవలసిన మాట 18వ వచనములోను 20వ వచనములోను ఉన్నది: యాకోబు మా వెనుక వచ్చుచున్నాడని. మందలు ముందు, యాకోబు వెనుక. అంత ప్రార్థన చేసిన తరువాత కూడ అతడు నమ్మినది తనకును ఏశావునకును నడుమ నడిచిన ఆ పశువులనే.

ఇంకొక సంగతి. ఇరువది సంవత్సరములకు ముందు ఇతడు ఇల్లు విడిచి పారిపోయిన రాత్రిని 28వ అధ్యాయములో చదువుడి. చేతిలో కఱ్ఱ తప్ప ఏమియు లేదు. రాయి తలగడ. అయినను నిద్రపోయెను, పరలోకపు కల కనెను. ఇప్పుడు కుటుంబమున్నది, సేవకులున్నారు, మందలున్నవి. నిద్ర మాత్రము లేదు. రాత్రివేళ లేచి అందరిని యబ్బోకు రేవు దాటించి తానొక్కడే మిగిలిపోయెను. కలిగినది పెరిగిన కొలది పట్టుకొనవలసినదియు పెరుగును. చేతులు నిండిన మనుష్యుడు పండుకొనుట కష్టము.

మన ప్రాంతములో ఈ రాత్రిని ఎరుగని ఇల్లు ఉన్నదా? మిరుగము దాటినను చినుకు పడక, అప్పు తెచ్చి వేసిన పత్తి గింజ మొలచునో ఎండునో తెలియక, తెల్లవారక ముందే లేచి ఆకాశము చూచు రైతు ఆదిలాబాదు పల్లెలలో ఉన్నాడు. గోదావరిఖనిలోను మందమర్రిలోను బెల్లంపల్లిలోను గనిలోనికి దిగిన భర్త ఇంటికి చేరువరకు గడియారము చూచుకొన్న భార్యలు ఎందరో. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ గ్రామములలో కుమారుని దుబాయికో మస్కటుకో పంపి, ఫోను మ్రోగినను భయము, మ్రోగకున్నను భయముగా బ్రదుకు తల్లులున్నారు. వీరిలో ప్రార్థన చేయనివారు కొద్దిమందే. ప్రార్థన చేయుదురు, ఆమేన్ అందురు, దీపమార్పి మరల లెక్కలు మొదలుపెట్టుదురు. యాకోబు మనకు చుట్టమే.

రేవు యొద్ద అడిగిన ప్రశ్న

24వ వచనము నుండి పాఠములో లోతైన భాగము ఆరంభమగుచున్నది. ఒక నరుడు తెల్లవారువరకు అతనితో పెనుగులాడెను. యాకోబు సిద్ధపడినది ఏశావుతో పోరాటమునకు, వచ్చినవాడు వేరొకడు. మన జీవితములో కూడ మనము ఎవరితో పోరాడుచున్నామని అనుకొందుమో వారితో కాక, అసలు దేవునితోనే పోరాడుచున్నామని తెలిసికొనుటకు చాలకాలము పట్టును. షావుకారుతో, అత్తతో, అధికారితో, ఆకాశముతో పోరాడుచున్నామనుకొందుము. లోపల మాత్రము, నా బ్రదుకు నేను అనుకొన్నట్లే నడువవలెనను పట్టు ఒకటున్నది. ఆ పట్టు దేవునితో పోరాటమే.

ఆ నరుడు అతని తొడగూటిని తాకెను. పెనుగులాడువానికి బలమంతయు అక్కడనే. అక్కడ దెబ్బ తగిలిన తరువాత గెలుచుట అసాధ్యము, పారిపోవుట అసాధ్యము. అప్పుడు యాకోబు చేయగలిగినది ఒక్కటే, ఆయనను పట్టుకొని వ్రేలాడుట. అదే చేసెను. దీవించితే తప్ప పోనియ్యనని పట్టుపట్టెను. ఇక్కడ వింత చూడుడి. అన్న మడిమెను పట్టిన చేయి, జ్యేష్ఠత్వమును పట్టిన చేయి, లాబాను మందలను పట్టిన చేయి, అదే చేయి ఇప్పుడు దేవుని పట్టుకొనెను. అప్పగించుకొనుట అనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదని దీనివలన తెలియుచున్నది. మిగతావన్నియు జారిపోయిన తరువాత ఆయనను విడువకుండుటయే అది.

అప్పుడు ఆయన ఒక ప్రశ్న అడిగెను: నీ పేరేమి? దేవునికి యాకోబు పేరు తెలియదా? 27వ అధ్యాయము 18, 19 వచనములకు తిరుగుడి. చూపు మందగించిన తండ్రి ఇస్సాకు ఇటువంటి ప్రశ్నయే అడిగినప్పుడు ఇతడు ఏశావునని అబద్ధమాడి దీవెన పట్టుకొని పోయెను. ఆ దినము మొదలుకొని ఆ జవాబు బాకీ యున్నది. ఇప్పుడు, చీకటిలో, తొడ నొచ్చుచుండగా, యాకోబునని చెప్పెను. మోసగాడనని చెప్పినట్లే. దీవెన ఆ జవాబు తరువాత వచ్చెను. నా అభిప్రాయములో ఈ అధ్యాయమంతటికి కీలు ఇక్కడ నున్నది. మనము దేవునికి అప్పగింపవలసినవాటిలో సమస్యలకంటె ముందు మన పేరున్నది; అనగా మనమెవరమో ఉన్నది ఉన్నట్లు ఒప్పుకొనుట. మంచివారమని పదిమందిలో నిలువబెట్టుకొన్న పేరును కాపాడుకొనుచు సమస్యను మాత్రము దేవుని కప్పగింపజూచువానికి సమాధానము దొరకదు. కాపాడుకొను ఆ పని ఒక్కటే రాత్రి నిద్రను తినివేయుటకు చాలును.

తెల్లవారెను. ఏశావు ఇంకను వచ్చుచునే యున్నాడు, నాలుగు వందలమంది అట్లే యున్నారు. బయట ఏమియు మారలేదు. పైగా ఇతడు ఇప్పుడు కుంటివాడు. అయితే 33వ అధ్యాయము 3వ వచనము చదువుడి. యాకోబు వారందరికంటె ముందు నడిచెను! నిన్న మందల వెనుక దాగినవాడు నేడు కుంటుచు అందరికి ముందు పోవుచున్నాడు. సమాధానము కలిగినదనుటకు గ్రంథకర్త మనకిచ్చిన గురుతు అదియే. మనస్సు తేలికపడెనని, కన్నీరు ఆగెనని వ్రాయలేదు. నిలుచున్న చోటు మారెనని వ్రాసెను.

తలవ్రాతకును దీనికిని భేదము

ఈ ఉపదేశమును మన దేశములో జాగ్రత్తగా చెప్పవలెను. దేవునికి అప్పగించితినని చెప్పుచు, లోపల మాత్రము నుదుట వ్రాసినది తప్పదను పాత మాటనే అనుకొనువారు సంఘములోను లేకపోలేదు. తలవ్రాతకు ముఖము లేదు, చెవులు లేవు. దానితో పెనుగులాడుటకు వీలు లేదు, దానిని దీవెన అడుగుటకు వీలు లేదు. అది మన పేరు అడుగదు. దానికి లొంగినవానికి కలుగునది మొద్దుతనమే, సమాధానము కాదు. యాకోబు లొంగినది తండ్రి చేతికి.

మన ప్రభువు గెత్సేమనే తోటలో చేసిన ప్రార్థన దీనిని స్పష్టపరచుచున్నది. గిన్నె తొలగిపోవలెనని ఆయన అడిగెను. దాచుకొనలేదు, ఒక్కసారి కాదు, ముమ్మారు. అడిగిన తరువాత తండ్రి చిత్తమునకు విడిచిపెట్టెను. నాకిది కావలెను ప్రభువా అని ఏడ్చుట అవిశ్వాసము కాదు. కావలసినది చెప్పకుండ పెదవి బిగించి, నీ చిత్తమే అనువాని ప్రార్థనలో భక్తికంటె అలుక ఎక్కువగా ఉండవచ్చును.

మరియొక మాట నొక్కి చెప్పవలసియున్నది. దేవునికి అప్పగించుకొనుట వేరు, అన్యాయము చేయువానికి లోబడుట వేరు. త్రాగి వచ్చి కొట్టు భర్త చేతికి భార్యను తిరిగి పంపుచు, ప్రభువుకు అప్పగించుకో అమ్మా అని చెప్పు పెద్దలు వాక్యమును దుర్వినియోగము చేయుచున్నారు. తన హక్కుకొరకు అన్యాయస్థుడైన న్యాయాధిపతి యొద్దకు మరల మరల పోయిన విధవరాలిని ప్రభువు మెచ్చుకొనెను గాని మందలింపలేదు (లూకా 18). అట్లే, వారముల తరబడి నిద్రాహారములు లేక, బ్రదుకుమీద ఆశ లేక క్రుంగిపోయినవారిని విశ్వాసము చాలదని నిందింపవద్దు. వారిని ఒంటరిగా విడువక వైద్యుని యొద్దకు తీసికొని పోవుడి. ఏలీయా చావు కోరుకొన్నప్పుడు దేవుడు మొదట అతనిని నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టి, మరల నిద్రపోనిచ్చెను. ప్రశ్న తరువాత అడిగెను (1 రాజులు 19).

ఓడలో భయపడిన బోధకుడు

కరీంనగరు ప్రాంతపు సంఘములకు వెస్లీ పేరు పరాయిది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగములో ఈ సీమలో పనిచేసినది వెస్లియన్ మెథడిస్టు మిషను. ఆ శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1703లో పుట్టెను. అతనికి యాకోబువలెనే ఒక రేవు ఉండెను, అది సముద్రము మీద.

1735లో అతడు అమెరికాలోని జార్జియాకు మిషనెరీగా ఓడ ఎక్కెను. అప్పటికే అభిషేకము పొందిన గురువు. గంట గంటకు లెక్క కట్టి ప్రార్థన, చదువు, ఉపవాసము నడిపించుకొను మనుష్యుడు. భక్తిని కూడ లెక్కల పుస్తకముగా పెట్టుకొన్నవాడు. 1736 జనవరి 25న అట్లాంటికు సముద్రముపై గొప్ప తుపాను లేచెను. పెద్ద తెరచాప చినిగెను, నీళ్లు ఓడ మీదుగా పొర్లి లోపలికి దిగెను. ఇంగ్లీషువారు కేకలు వేసిరి. అదే ఓడలో మొరేవియను సంఘమునకు చెందిన కొందరు జర్మనీ క్రైస్తవులుండిరి. వారప్పుడు ఆరాధనలో కీర్తన పాడుచుండిరి. తల యెత్తి చూచి, ఆపకుండ పాడుచు పోయిరి. తరువాత వెస్లీ వారిలో ఒకనిని, మీకు భయము కలుగలేదా, మీ స్త్రీలకును పిల్లలకును భయము లేదా అని అడిగెను. వారికి చావు భయము లేదని అతడు నెమ్మదిగా చెప్పెను. వెస్లీ తన దినచర్యలో ఈ సంగతి వ్రాసికొనెను. ఇతరులకు బోధింపబోవుచున్న తనకు లేనిది ఆ సామాన్యుల యొద్ద ఉండెనని అతనికి అర్థమాయెను.

జార్జియాలో అతని పని సాగలేదు. రెండేండ్లు తిరుగకముందే మనస్సు విరిగి స్వదేశమునకు మరలెను. 1738 మే 24 సాయంకాలము లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటమునకు, మనస్సు లేకున్నను, పోయెను. అక్కడ ఎవరో రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠిక చదువుచుండిరి. క్రీస్తునందు మాత్రమే నమ్మిక యుంచితినని, తన పాపములను ఆయన తీసివేసెనని అప్పుడు అతనికి నిశ్చయము కలిగెను. తొడగూడు తాకబడిన తరువాతనే గదా దీవెన!

ఇక్కడితో కథ ముగియలేదు. ఒకసారి కలిగిన నిశ్చయము ఏండ్లు గడచిన కొలది మాసిపోవునని వెస్లీకి తెలియును. కాబట్టి 1755 ఆగస్టు 11న లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో సుమారు 1800 మందిని కూర్చి, దేవునితో నిబంధన క్రొత్త చేసికొను ఆరాధన జరిపించెను. రిచర్డ్ అలీన్ అను పాత ప్యూరిటను బోధకుని మాటలను దానికి వాడుకొనెను. తరువాత అది మెథడిస్టు సంఘములలో ఏటేట నూతన సంవత్సరారంభములో జరుపు వాడుక ఆయెను. ఆ నిబంధన సారము ఏమనగా, ప్రభువు నన్ను వాడుకొన్నను వాడుకొనకున్నను, హెచ్చించినను తగ్గించినను, కలిమి ఇచ్చినను లేమి ఇచ్చినను ఎంపిక ఆయనదే, నాది కాదు. పదునెనిమిదవ శతాబ్దపు లండను కూలివారు, నేతగాండ్రు పలికిన మాటలివి. స్పిటల్‌ఫీల్డ్స్ ఆ దినములలో పట్టు నేతకు పేరుపొందిన పేట. మన సిరిసిల్ల నేతన్నలు విన్నయెడల, మా మాటయే అందురేమో!

సంవత్సరమున కొకసారి అందరును కలిసి చెప్పుటలో ఒక జ్ఞానమున్నది. వాడుకొనకున్నను సరే అను మాట ఒంటరిగా చెప్పుట కష్టము. ముప్పది ఏండ్లు సండే స్కూలు నడిపిన టీచరమ్మను, ఇక చాలునమ్మా అని ప్రక్కకు కూర్చుండబెట్టిన దినమున ఆమె నోట ఆ మాట రావలెనన్న, ఆమె చుట్టు ఆ మాట చెప్పు సంఘముండవలెను.

గేట్లు ఎత్తిన తరువాత

మన నేలకు తిరిగి వత్తము. నాటి ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో, నేటి నిర్మల్ జిల్లాలో కడెము వాగుపై ప్రాజెక్టున్నది. దానికి 18 గేట్లు. 2022 జూలైలో కురిసిన వర్షములకు, ఆ గేట్లన్నియు ఎత్తినను పంపలేనంత నీరు వచ్చిపడెను. ఒక గేటు లేవనే లేదు. నీరు గేట్ల మీదుగా పొర్లెను. దిగువ ఊళ్లవారిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించిరి. అక్కడి ఉద్యోగులు ఎత్తగలిగిన గేట్లన్నియు ఎత్తిన తరువాత, మనుష్యుని చేతిలో ఇంకేమియు మిగులలేదు. కట్ట నిలిచెను. దేవుని దయయని ఆ రాత్రి అనని నోరు ఆ ప్రాంతములో తక్కువ. మరుసటి సంవత్సరము జూలైలో మరల వరద వచ్చెను, మరల కొన్ని గేట్లు మొరాయించెను.

దీనిలో మనకు రెండు సంగతులు కనబడుచున్నవి. గేటుకు ఎండకాలములో నూనె వేసి, గొలుసు చూచి, మరమ్మతు చేయుట మనుష్యుని పని. దానిని మాని దేవునికి అప్పగించితిమనుట సోమరితనము. అయితే వాన ఎంత కురియవలెనో నిర్ణయించు చక్రము ఏ గేటు మీదను లేదు. లేని ఆ చక్రమును చీకటిలో త్రిప్పుచుండుటకే చింత అని పేరు. యాకోబు కానుకలు పంపుట గేటుకు నూనె వేయుట. ఏశావు హృదయమును కూడ తానే త్రిప్పగలనని అనుకొనుట లేని చక్రమును త్రిప్పుట.

ఇట్లు పనిచేసి ఫలితమును విడిచిపెట్టినవారిలో మన సీమకు బిషప్ వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారు ఒక ఉదాహరణము. తిరునెల్వేలి జిల్లాలో 1874లో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఏ.లో మంచి ఉద్యోగము, దేశమంతట పేరు ఉండగా, వాటిని విడిచి 1909లో దోర్నకల్లు వచ్చి, ముప్పది అయిదవ ఏట తెలుగు పల్లెల మధ్య కాపురము పెట్టెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడాయెను. ఆంగ్లికను సంఘములో భారతీయులలో అతడే మొదటి బిషప్పు. సంఘముల ఐక్యత అతని ప్రాణము. 1919లో తరంగంబాడిలో ఆరంభమైన ఐక్యతా సంభాషణలలో అతడు ముఖ్యుడు. ఇరువదియైదు సంవత్సరములు పైగా కమిటీలు, ఉత్తరములు, అభ్యంతరములు, వాయిదాలు. ఒకరు ఒప్పుకొన్న వేళ ఇంకొకరు వెనుకకు పోయిరి. అతడు 1945 జనవరి 1న దోర్నకల్లులో ప్రభువునందు నిద్రించెను. దక్షిణ ఇండియా సంఘము మద్రాసులో సెయింట్ జార్జి కెథీడ్రలునందు 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. తాను నాటినది తాను కోయలేదు. తరువాత 1978లో కరీంనగరు అధ్యక్ష మండలము ఏర్పడినప్పుడు, మెథడిస్టు ఆంగ్లికను అను భేదము లేక ఒక బల్ల యొద్ద కూర్చుండుట మనవారికి సహజముగా తోచెను. ఆ సహజత్వము వెనుక ఒక మనుష్యుడు చూడక విడిచిపోయిన పంట యున్నది.

బెన్యామీను

యాకోబు యొద్దకు మరల పోవలెను. ఏలయనగా యబ్బోకు రాత్రితో అతడు పూర్తిగా మారిపోయెనని చెప్పుట వాక్యమునకు విరోధము. 33వ అధ్యాయములోనే చూడుడి. కుటుంబమును వరుసలో నిలిపినప్పుడు దాసీలను, వారి పిల్లలను ముందు పెట్టి, ప్రియమైన రాహేలును యోసేపును అందరికి వెనుక దాచెను. శేయీరుకు నెమ్మదిగా వచ్చెదనని అన్నతో చెప్పి, సుక్కోతుకు పోయి ఇల్లు కట్టుకొనెను. పాత అలవాటు! ఒక్క ఉజ్జీవ కూటములో చేయి యెత్తినందున అంతయు అయిపోయినదని అనుకొనువారు ఈ వచనములను మరల చదువవలెను. ఆ వరుసలో వెనుక దాచిన కుమారుడు యోసేపే తరువాత చేజారిపోయెను. తండ్రి పక్షపాతమే దానికి సగము కారణము.

యోసేపు పోయిన తరువాత యాకోబు పట్టంతయు బెన్యామీను మీద పడెను. కరవు వచ్చెను. కుమారులు ఐగుప్తుకు పోయి ధాన్యము తెచ్చిరి. తమ్ముని తీసికొని రానిదే అక్కడి అధికారి ముఖము చూడనియ్యడని చెప్పిరి. యాకోబు పంపనని గట్టిగా చెప్పెను. ధాన్యము అయిపోయెను. ఇంట పిల్లలున్నారు. ఇంకను పంపడు! చూడుడి, పట్టు ఎంత బలమైనదో. ఇల్లంతయు ఆకలికి చచ్చినను విడువదు. పైగా దానికి ప్రేమ అని పేరు పెట్టుకొనును. నిజముగా ప్రేమయే, కాని భయముతో కలిసి ముడిపడిన ప్రేమ. ఆ భయములో బెన్యామీను కూడ ఆకలితోనే యుండెను.

43వ అధ్యాయము 11 నుండి 14 వరకు గల వచనములను మెల్లగా చదువవలెను. ముసలివాడు చివరకు ఒప్పుకొనెను. మొదట ఏమి చేసెను? కొంచెము గుగ్గిలము, కొంచెము తేనె, సుగంధద్రవ్యములు, బోళము, పిస్తాచకాయలు, బాదముకాయలు తీసికొని పొమ్మనెను. రూకలు రెట్టింపు తీసికొని పొమ్మనెను. యబ్బోకు నాటి యాకోబే! కానుక లేనిదే కదలడు. అయితే ఈసారి కానుక కొంచెమే. ఐదు వందల తలలు లేవు, కరవు కాలములో ఇంట మిగిలిన తేనె. తరువాత పిల్లవానిని కూడ పంపెను. సర్వశక్తుడగు దేవుడు ఆ మనుష్యుని యెదుట మీకు కరుణ చూపునుగాక అని ప్రార్థించి, పిల్లలను పోగొట్టుకొనవలసివస్తే పోగొట్టుకొందును అను అర్థమిచ్చు మాట అనెను. కొందరు ఈ మాటను నిరాశ అందురు. నాకట్లు తోచదు. నిరాశపడినవాడు దీవెన పలికి పంపడు, తేనె మూట కట్టడు. చేయవలసినది చేసి, కోరినది అడిగి, మిగిలినది విడిచిన మనుష్యుని మాట ఇది. సంతోషముగా చెప్పలేదు. వణకుచునే చెప్పియుండును. సమాధానము ఆ దినమున అతనికి కలిగెనా? గ్రంథము చెప్పలేదు. ఒంటరిగా గుడారములో ఎన్ని రాత్రులు వేచియుండెనో కూడ చెప్పలేదు.

అయితే పిల్లవానిని పంపిన ఆ దేశములో, అతడు భయపడిన ఆ అధికారి ఎవరు? యోసేపే. ఎవని యొద్దకు పంపుటకు వణకెనో వాడు తన కుమారుడే. యాకోబుకు ఆ సంగతి అప్పుడు తెలియదు. తెలిసియున్నయెడల పంపుట సులువు. తెలియక పంపెను. బెన్యామీనును తన గుడారములోనే పట్టుకొని కూర్చుండినయెడల, అతడు యోసేపును చూచియుండడు.

ఇంటి ప్రార్థన కూటములకు

ఈ మాసమున గృహ కూటములలో 43:1-14 బిగ్గరగా చదువుడి. పిల్లలుంటే వారి చేతనే చదివించుడి. తరువాత కొంతసేపు మౌనముగా కూర్చుండి, నా బెన్యామీను ఎవరు అని ఎవరికి వారే తలపోయుడి. అందరియెదుట చెప్పవలెనని బలవంతము వద్దు. కొన్ని పేర్లు దేవునికి మాత్రమే చెప్పదగినవి. రైతులైనవారు, దూరదేశములో పిల్లలున్నవారు, రోగియొద్ద కాపలా యున్నవారు ఆ రాత్రి కూటములో ఉంటే వారికొరకు పేరుపేరున ప్రార్థింపుడి. ప్రార్థన తరువాత వారికి చేయదగిన సహాయమేదైన ఉంటే, కబురు పంపుట, మందు తెచ్చుట, ఒక రాత్రి వారికి బదులు మేలుకొని యుండుట, దానిని ఎవరు చేయుదురో అక్కడనే మాటలాడుకొని ఇండ్లకు వెళ్లుడి.

వచ్చు మాసపు పాఠమునకు 2 రాజులు 19వ అధ్యాయము, హిజ్కియా ఉత్తరమును యెహోవా సన్నిధిని పరచిన భాగమును ముందుగా చదివి సిద్ధపడుడి.